ఇరవై పాయింట్ సున్నా

ఆ ఏడాది మా కెమిస్ట్రీ ల్యాబులో మిరపకాయల బస్తాలు పెట్టారు. ప్రిన్సిపాల్ రామాంజనేయులు గారి కాయ కల్లంలో ఆరింది, ధర వచ్చేదాకా ఎక్కడో ఒక చోట ఉంచాలి, ఆయన కంటికి ల్యాబ్ కనపడింది. కాలేజీకి ప్రిన్సిపాలూ ఆయనే, ఓనరూ ఆయనే, ఇక అడిగేదెవరు? ముప్పై నాలుగు బస్తాలు గోడ వారగా పేర్చి, "బుడానూ, ఎలకలు కొట్టకుండా చూస్కో" అని నాకు చెప్పి వెళ్లాడు.

నేను ఆ కాలేజీలో ల్యాబ్ అటెండర్ని. పిడుగురాళ్లకు ఆవల చిన్న ఊరు, ప్రైవేటు జూనియర్ కాలేజీ. అప్పటికి పదకొండేళ్ల నుంచి అక్కడే చేస్తున్నాను. నా చదువు పదో తరగతి తప్పడంతో ఆగింది గానీ, ఆమ్లం, క్షారం కలపడంలో నా చెయ్యి తిరిగినట్టు డిగ్రీలు చదివినవాళ్లకు కూడా తిరగదు. ఇరవై మిల్లీలీటర్ల ఆమ్లానికి ఇరవై మిల్లీలీటర్ల క్షారం సరిపోయేలా కలిపానంటే, చుక్క అటో ఇటో తప్ప తేడా ఉండేది కాదు. ఆ సంగతి పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేవాణ్ణి. ఛీ, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఏవగింపు పుడుతుంది.

ఇది రెండువేల నాలుగు నాటి మాట. మా కాలేజీలో ల్యాబ్ తాళం జూన్‌లో వేస్తే మళ్లీ జనవరిలోనే తీసేవాళ్లు. పిల్లలకు ఏడాది పొడుగునా ఎంసెట్ బిట్లు రుద్దడమే పని. సింకులో చచ్చిన బల్లులు, బీరువాల్లో సాలెగూళ్లు, బూజు పట్టిన సీసాలు. కెమిస్ట్రీ చెప్పే శ్రీరమ్య మేడం మంచి మనిషే, కానీ ఆవిడకు ఐదు సెక్షన్లు, రోజుకు ఏడు క్లాసులు. ప్రయోగాలు ఎక్కడ చేయించేది? పాత రికార్డు ఒకటి పిల్లల మధ్య తిరిగేది. అందరూ దాన్నే చూసి ఎత్తి రాసేవాళ్లు, బ్యూరెట్ బొమ్మతో సహా. ఆవిడ తల ఎత్తకుండా నూట పన్నెండు రికార్డుల మీద సంతకాలు పెట్టేది.

ఇక పరీక్షరోజు సంగతి నాది. నీళ్ల సీసా చేత్తో పట్టుకుని, పిల్లల ఫ్లాస్కులు కడుగుతున్నట్టు ఒక్కో టేబుల్ దగ్గరా ఆగి, చెవిలో చెప్పేవాణ్ణి. "మొదటిది పంతొమ్మిది పాయింట్ తొమ్మిది. రెండోది, మూడోది ఇరవై పాయింట్ సున్నా." అంతే. పిల్లలు బ్యూరెట్ తిప్పినట్టు తిప్పి, ఆ అంకెలు రాసేసి, లెక్క కట్టి ఇచ్చేసేవాళ్లు. బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినర్లకు ఇది తెలియదనుకుంటున్నారా? అందరికీ తెలుసు. వాళ్లు ఇక్కడ కోడికూర తిని ముప్పైకి ముప్పై వేస్తారు, మావాళ్లు వాళ్ల ఊరెళ్లి అదే పని చేసి వస్తారు. ఇందులో సిగ్గుపడేవాడు ఒక్కడంటే ఒక్కడు నాకు కనపడలేదు. నేనూ సిగ్గుపడలేదు. పిల్లలు "అంకుల్, అంకుల్" అని నా వెనకాల తిరుగుతుంటే ఒళ్లు ఉబ్బిపోయేది.

ఆ ఏడాది ఆ నూట పన్నెండు మందిలో నా కూతురు నస్రత్ కూడా ఉంది. బైపీసీ రెండో సంవత్సరం.

నస్రత్‌కి కెమిస్ట్రీ అంటే పిచ్చి. కాలేజీలో ల్యాబ్ తెరవకపోతే, అంచు విరిగిన బ్యూరెట్ ఒకటి నేనే ఇంటికి తెచ్చిపెట్టాను. దాన్ని కిటికీ ఊచకి తన పాత రిబ్బనుతో కట్టుకుంది. రోజూ సాయంత్రం పొద్దుండగానే కూర్చుని చుక్కలు లెక్కపెట్టేది. వాళ్లమ్మ ఖాదర్‌బీ మిరపకాయల తొడిమలు తీసే పనికెళ్లి, చేతులు భగ్గుమంటుంటే ఇంటికొచ్చి మొదట్లో చిందులేసింది.

"వండటానికి సరైన గిన్నె లేదు గానీ, ఈ గాజు గొట్టం ఒకటి తక్కువైందా మన కొంపకి? ఏం కాస్తుందే ఇది?"

"ఒక్క చుక్కమ్మా. ఇటు రా. ఇప్పుడు తెల్లగా నీళ్లలాగుందా? ఇంకొక్క చుక్క పడితే మారిపోద్ది, చూడు."

ఖాదర్‌బీ మండే చేతులు కొంగుకి చుట్టుకుని నిలబడింది. నస్రత్ ఎడమచేత్తో బ్యూరెట్ బిరడా ఇంత, వెంట్రుకవాసి తిప్పింది. కుడిచేత్తో ఫ్లాస్కు ఊపుతూనే ఉంది. చుక్క పడింది. ఫ్లాస్కులో నీళ్లు కనీ కనపడని గులాబీ రంగులోకి తిరిగి, అలాగే నిలబడిపోయాయి.

"ఓయమ్మో! ఆగాగు, మళ్లీ చెయ్యి" అంది ఖాదర్‌బీ. ఆ రోజు అన్నం ఆలస్యమైంది.

మా ఇంట్లో ఒక మాట అనుకున్నాం. కాలేజీ ఫస్ట్ వచ్చినవాళ్లకు గుంటూరులో ఉన్న మా ప్రిన్సిపాల్ గారి అన్నగారి డిగ్రీ కాలేజీలో సీటూ హాస్టలూ ఉచితం. ప్రతి ఏడూ ఇస్తారు, అందులో మోసం లేదు. నస్రత్ ఫస్ట్ వస్తే గుంటూరు వెళ్లి బీయస్సీ కెమిస్ట్రీ చదువుతుంది. రాకపోతే పంపే తాహతు మాకు లేదు. మొదటి ఏడాది మార్కుల్లో నస్రత్, ఎంపీసీ కుర్రాడు శ్రీకృష్ణ ఇద్దరే పోటీ. నస్రత్ నాలుగు మార్కులు ముందుంది. మిగిలిందంతా ఈ పరీక్షల మీదే ఉంది.

ప్రాక్టికల్స్‌కి ముందురోజు ద్రావణాలు కలపడానికి కూర్చున్నాను. డిస్టిల్డ్ వాటర్ కాచే యంత్రం మాడిపోయి మూడేళ్లయింది. అప్పట్నించీ బ్యాటరీల షాపులో దొరికే క్యాన్లే తెచ్చి వాడుతున్నాం. నాలుగు క్యాన్లు తెచ్చిపెడితే రెండే ఉన్నాయి.

"ఇంట్లో ఇన్వర్టరుకి కావాల్సొచ్చి తెప్పించుకున్నాలే" అన్నాడు ప్రిన్సిపాల్.

"రెండు చాలవు సార్. ఇంకో రెండు తెప్పించాలండి."

"బోరెందుకు వేయించానయ్యా మరి? అవి నీళ్లు కావా?"

అవి నీళ్లే. కానీ మా నేలంతా సున్నపురాయి. మా బోరు నీళ్లు నాలుగుసార్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ నీళ్లలో సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే మజ్జిగలా విరుగుతుంది, అది నాకు తెలుసు. అందుకని ఉన్న రెండు క్యాన్లూ క్షారానికి వాడాను. ఆమ్లం మాత్రం బోరు నీళ్లతో కలిపాను. ఆమ్లంలో అయితే ఏమీ కనపడదు. సన్నటి బుడగలు నాలుగు వచ్చిపోతాయి, అంతే. నీళ్లలో ఉన్న సున్నం కొంత ఆమ్లాన్ని తినేస్తుందనీ, ఇరవై రావాల్సింది ఇరవై రాదనీ నాకు తెలియక కాదు. ఏం పోయిందిలే అనుకున్నాను. ఎవడు చూడొచ్చాడు? చెవిలో చెప్పేది ఇరవై, రాసేది ఇరవై. ఫ్లాస్కులో ఏముంటే ఎవడిక్కావాలి?

ఆ ఫ్లాస్కు ముందు నా కూతురు నిలబడుతుందనీ, అది మాత్రం నిజంగానే చూస్తుందనీ ఆ క్షణాన నాకు తట్టనే లేదు.

మొదటిరోజు మొదటి బ్యాచీలోనే నస్రత్ నంబరు పడింది. పక్క టేబుల్ శ్రీకృష్ణది. ల్యాబు తలుపులు తీయగానే మిరప ఘాటు. ఇరవై ఎనిమిది మంది తుమ్ములే తుమ్ములు. ముక్కులు కారుతూ, కళ్లు తుడుచుకుంటూ పిపెట్లు నోట్లో పెట్టి పీలుస్తున్నారు. జన్మలో పిపెట్ పట్టని పిల్లలు! ఒకడు ఆమ్లం నోటినిండా లాగేసి సింకులో కక్కాడు, ఇంకొకడు తుమ్మి ఫ్లాస్కు పగలగొట్టాడు. ఒంగోలు నుంచి వచ్చిన ఎగ్జామినరు శివరామకృష్ణ గారు ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని వరండాలో కుర్చీ వేయించుకున్నాడు. నేను నీళ్ల సీసా తీసుకుని నా పనిలో పడ్డాను.

శ్రీకృష్ణకి చెప్పాను. వాడు బుద్ధిగా తలూపాడు. నస్రత్ దగ్గరకెళ్లాను.

"నాకు చెప్పొద్దు నాన్నా. నేను చేస్తున్నాగా."

"సరే, సరే, చెయ్యి" అన్నాను. లోపల గర్వంగా కూడా ఉంది.

అరగంటకి మళ్లీ అటుగా వెళ్తే దాని కాయితం మీద మూడు అంకెలున్నాయి. పద్దెనిమిది పాయింట్ రెండు. పద్దెనిమిది పాయింట్ ఒకటి. పద్దెనిమిది పాయింట్ ఒకటి. అప్పుడు గుర్తొచ్చింది నాకు బోరు సంగతి.

"కొట్టెయ్" అన్నాను మెల్లగా. "ఇరవై రాయి."

"ఎందుకు? మూడుసార్లు చేశా. మూడుసార్లూ ఇదే వచ్చింది."

"అందరికీ ఇరవై."

"అందరికీ నువ్వు చెప్పావు కాబట్టి ఇరవై" అంది, బ్యూరెట్ మీంచి కళ్లు తిప్పకుండా. అంతలో మేడం అటు రావడంతో నేను పక్కకి తప్పుకున్నాను.

పన్నెండింటికి ఎగ్జామినరు కాయితాలన్నీ ముందు వేసుకున్నాడు. ఇరవై ఏడు ఇరవైలు, ఒక్క పద్దెనిమిది. నస్రత్‌ని వరండాలోకి పిలిచాడు. వెనక నేనున్నాను, ఆయనకు మంచినీళ్లు పట్టుకుని.

"ఏమ్మా, ల్యాబులో అందరికీ ఒకటే సొల్యూషన్ ఇచ్చారు కదా. అందరికీ ఇరవై వస్తే నీకెందుకు పద్దెనిమిది వచ్చింది?"

"తెలీదు సార్. మూడుసార్లు చేశాను. అదే వచ్చింది."

"రంగు ముందే వచ్చేసిందనుకుని ఆపేసి ఉంటావు."

"లేదు సార్. కావాలంటే మీరు ఒకసారి చేసి చూడండి సార్."

శ్రీరమ్య మేడం కళ్లు మూసుకుంది. శివరామకృష్ణ గారి ముఖం మాడిపోయింది. పదిహేనేళ్ల నుంచి ఎగ్జామినరుగా తిరుగుతున్న మనిషిని బ్యూరెట్ పట్టమన్న పిల్ల ఇదొక్కతే అయి ఉంటుంది. ఆయన లేవలేదు. నా వైపు తిరిగాడు.

"ఏమయ్యా, సొల్యూషన్లు కలిపింది నువ్వేగా? డిస్టిల్డ్ వాటర్‌తోనే కలిపావా?"

వాకిట్లో ప్రిన్సిపాల్ గారు నిలబడి ఉన్నాడు. గ్లాసు నా చేతిలో ఉంది.

"అవునండి. డిస్టిల్డ్ వాటరే సార్."

నస్రత్ నా వంక చూసింది. అనుమానంగా చూసి ఉంటే బాగుండేది, ఈ పాటికి ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి. అలా చూడలేదు. నాన్న చెప్పాడంటే అంతే అన్నట్టు చూసి, తల దించుకుంది.

"సారీ సార్. నేనే చూడటంలో తప్పు చేసుంటాను."

ఆయన దాని కాయితం మీద పన్నెండు వేశాడు. ముప్పైకి పన్నెండు. ఇంకో రెండు మార్కులు తక్కువ వేస్తే ఫెయిలు.

మర్నాడు నస్రత్ చదువుకోలేదు. కిటికీకి కట్టిన బ్యూరెట్ విప్పేసి, కడిగి, పాత చీరముక్కలో చుట్టి గుమ్మం దగ్గర పెట్టింది. "కాలేజీలో ఇచ్చెయ్ నాన్నా" అని, వాళ్లమ్మతో పాటు తొడిమలు తీయడానికి వెళ్లిపోయింది. సాయంత్రం ఇద్దరూ ఎర్రబడ్డ చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చున్నారు. ఖాదర్‌బీ నా మీద విరుచుకుపడింది.

"పదకొండేళ్లు ఊళ్లో పిల్లలందరికీ చెప్పావే! నీ పిల్లకి ఒక్క అంకె చెప్పడానికి నీకు నోరు పెగల్లేదా?"

"చెప్పాడమ్మా. నేనే వినలా" అంది నస్రత్. "నాన్నా, నాకు కళ్లు సరిగ్గా కనపడటం లేదేమో. రేపు పిడుగురాళ్ల తీసుకెళ్లి చూపిస్తావా?"

దాని కళ్లకి ఏం రోగం? రోగం నా నాలుకది. ఆ మాట అప్పుడే అనేయొచ్చు. అనలేదు. ఉద్యోగం పోతుందని భయం, ఖాదర్‌బీ ఏమంటుందో అని భయం, అన్నిటికన్నా ఆ పిల్ల ముఖం చూడాలంటే భయం. నా అంత నీచుణ్ణి నేను ఎక్కడా చూడలేదు. నిజం తెలిసీ, మర్నాడు బ్యాచీ పని అవగానే కూతుర్ని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి బస్సెక్కాను.

కళ్లజోళ్ల షాపులో డాక్టరు చిన్న అక్షరాలు చదివించాడు, రంగుల పుస్తకం చూపించాడు. నస్రత్ అన్నీ గడగడా చెప్పింది.

"కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా. ఎందుకొచ్చావసలు?" అన్నాడాయన.

బస్టాండుకి నడుస్తుంటే నస్రత్ అంది, "కళ్లు బాగానే ఉన్నాయంట. అయితే నా చెయ్యే పనికిరాదు నాన్నా. గుంటూరు సీటు పోతే పోయింది. నిజంగానే వెళ్లుంటే అక్కడ ఇంకా నవ్వులపాలయ్యేదాన్ని. ఇక కెమిస్ట్రీ జోలికి పోను."

సున్నం బట్టీల లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. సోడా బండి పక్కన ఆగిపోయాను.

"నీ చెయ్యీ మంచిదే, కన్నూ మంచిదే. ఆమ్లంలో నేను బోరు నీళ్లు కలిపాను."

వెంటనే దానికి అర్థం కాలేదు. నేను మళ్లీ చెప్పాను, ఇన్వర్టరు, క్యాన్లు, అంతా. అది ఏడవలేదు, అరవలేదు. దాని పెదాలు కదులుతున్నాయి. లెక్క కడుతోంది. అంత బాధలోనూ ఒక్క నిమిషం దాని ముఖం వెలిగిపోయింది.

"సున్నం నీళ్లు! అందుకే తగ్గింది! అంటే నాకు కరెక్టే వచ్చింది నాన్నా!"

ఆ తర్వాత వెలుగు ఆరిపోయింది. నన్ను ఎగాదిగా చూసింది.

"సార్ అడిగినప్పుడు డిస్టిల్డ్ వాటర్ అన్నావుగా."

"అన్నాను."

"మరి ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమని ఏంది నమ్మకం?"

అక్కడే బ్యాటరీల షాపులో ఒక క్యాను కొనిపించింది. ఇంటికొచ్చాక నాతో కాలేజీ నుంచి ఆమ్లం, క్షారం, బోరు నీళ్లు తెప్పించింది. చీరముక్క విప్పి బ్యూరెట్ మళ్లీ కిటికీకి కట్టింది. నేను కలుపుతానంటే ముట్టుకోనివ్వలేదు. బ్యాటరీ నీళ్లతో కలిపిన ఆమ్లానికి ఇరవై. బోరు నీళ్లతో కలిపినదానికి పద్దెనిమిది పాయింట్ రెండు. మళ్లీ చేస్తే పద్దెనిమిది పాయింట్ ఒకటి.

"నిజమే చెప్పావు" అంది నస్రత్. "రేపు ఆఖరి బ్యాచీ. కాయితాలు ఇంకా బోర్డుకి పోయుండవు. నాతో రా."

నాలుగోరోజు మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారి గదిలో ఎగ్జామినరు, మేడం కూడా ఉన్నారు. భోజనాలయ్యాయి. బల్ల మీద కోడికూర విస్తళ్లు ఇంకా తీయలేదు, వాటి మీద ఈగలు. వాటి పక్కనే జవాబు కాయితాల కట్టలు. ఆ కంపు నాకు ఇవాళ్టికీ గుర్తే.

నస్రత్ తను కలిపిన రెండు ఆమ్లాల సీసాలూ బల్ల మీద పెట్టి, ఎలా చేసిందీ, ఎంతొచ్చిందీ చెప్పింది. ప్రిన్సిపాల్ నా వంక చూశాడు.

"ఏరా బుడానూ, ఏ నీళ్లు కలిపావు?"

"బోరు నీళ్లు సార్."

"మతుండే మాట్లాడుతున్నావా? అట్టయితే మిగతా నూట పదకొండు మందికీ ఇరవై ఎట్టా వచ్చింది?"

"నేను చెప్పాను సార్. ఏటా నేనే చెబుతున్నాను. మీకు తెలిసిందేగా సార్."

మేడం నేల చూపులు చూస్తోంది. ముందుగా తేరుకున్నది ప్రిన్సిపాలే. గొంతు తేనె పూసినట్టు మారిపోయింది.

"అమ్మా నస్రత్, కూర్చో తల్లీ. నువ్వు మా పిల్లవి. బండిల్ ఇంకా సీల్ వెయ్యలేదు. నీ కాయితం ఇదిగో. ఆ పద్దెనిమిది కొట్టేసి ఇరవై రాసెయ్. సారు ముప్పై వేస్తారు. కాలేజీ ఫస్ట్ నువ్వే. గుంటూరు హాస్టల్లో గది కూడా ఇప్పుడే చెప్పేస్తా."

శివరామకృష్ణ గారు పుల్లతో పన్ను కుట్టుకుంటూ తలూపాడు. వాయువేగంతో తలూపాడు!

"నేను మార్కులు పెంచమని రాలేదు సార్. నాది కరెక్టని రాయండి, చాలు" అంది నస్రత్.

"అది కరెక్టయితే మిగతావాళ్లందరిదీ తప్పవదూ? ఎట్టా కుదురుతుందమ్మా? ఒక్క అంకె. పెన్ను తీస్కో."

నస్రత్ పెన్ను తీసుకుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, పెన్ను మూత కూడా తీసింది. పదిహేడేళ్ల పిల్ల, గుంటూరు తప్ప ఇంకో కల లేని పిల్ల. కాయితం వంక చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి నా వంక చూసింది.

"నువ్వు చెప్పు నాన్నా. అందరికీ చెప్పావుగా. ఎంత రాయమంటావ్?"

ఇరవై అన్న మాట నా నాలుక చివరే ఉంది. పదకొండేళ్ల అలవాటు. అది రాస్తే పిల్ల గుంటూరు వెళ్తుంది, నా ఉద్యోగం ఉంటుంది, ఖాదర్‌బీ చేతులకి కాస్త సుఖం ఉంటుంది. ఆ విస్తళ్లూ, ఆ ఈగలూ, పన్ను కుట్టుకుంటున్న ఆ మనిషీ, పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ నేనూ. అందరం ఒకే బంతిలో ఉన్నాం.

"పద్దెనిమిది పాయింట్ ఒకటి" అన్నాను.

నస్రత్ పెన్ను మూత పెట్టేసింది.

రేపట్నించి రావద్దన్నాడు ప్రిన్సిపాల్. తాళాలు బల్ల మీద పెట్టి బయటికొచ్చాను. మా వీధి మలుపు తిరిగేటప్పుడు నస్రత్ అంది.

"ఇదే మాట ఆ రోజు సార్ అడిగినప్పుడు చెప్పుంటే సరిపోయేదిగా నాన్నా."

"సరిపోయేది" అన్నాను.

నేను సున్నం మిల్లులో పనికి కుదిరాను. ఏప్రిల్‌లో ఫలితాలొచ్చాయి. నస్రత్‌కి కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో పన్నెండే. మొత్తం మీద శ్రీకృష్ణ కన్నా పదకొండు మార్కులు తక్కువ. గుంటూరు సీటు వాడికి వచ్చింది. నస్రత్ రోజూ బస్సు మీద నరసరావుపేట వెళ్లి చదవడానికి దరఖాస్తు పెట్టుకుంది, కెమిస్ట్రీకే. బస్సు పాసుకి అయ్యేది నేనూ, ఖాదర్‌బీ ఎలాగో చూస్తామన్నాం.

ఫలితాలొచ్చిన మూడోరోజు సాయంత్రం శ్రీకృష్ణ మా ఇంటికొచ్చాడు. వాడి చేతిలో లడ్ల పొట్లం. వాడు చెడ్డవాడు కాదు, నవ్వుముఖం, పెద్దాచిన్నా తెలిసిన పిల్లాడు. మా గొడవ సంగతి వాడికేమీ తెలియదు. తిన్నగా నా దగ్గరకొచ్చి కాళ్లకి దండం పెట్టాడు.

"అందరికన్నా ముందు మీకే ఇవ్వాలనుకున్నా అంకుల్. మీరు చెప్పబట్టే నాకు ముప్పైకి ముప్పై వచ్చినయ్."

లడ్డు నా చేతిలో పెట్టాడు. నస్రత్‌కీ ఇచ్చాడు. నస్రత్ తీసుకుని, నవ్వుతూనే అడిగింది.

"కంగ్రాట్స్‌రా. నిజం చెప్పు, నీకసలు ఎంతొచ్చింది?"

"ఏమో! నేను బ్యూరెట్ తిప్పితేగా? అంకుల్ చెప్పాడుగా, ఇంకెందుకు చెయ్యడం?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఖాదర్‌బీ లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చిచ్చింది. "తినండి అంకుల్" అన్నాడు వాడు. ఆ పిల్లాడి మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. రాలేదు. వాడికి ఆ అంకె చెప్పింది నేనే. నా కూతురు చూస్తుండగా, ఆ లడ్డు మొత్తం తిన్నాను.